పొద్దున్నే రామప్ప, మధ్యాహ్నం నీడపట్టు: మేం తిరిగిన రెండు రోజుల దారి

"మే నెలలో శని, ఆదివారాలు రెండే ఖాళీ. ఇంట్లో డెబ్బై దాటిన నాన్నగారు, బడికెళ్ళే పిల్లలు ఉన్నారు. రిసార్టులు, వాటర్ పార్కులు వద్దు. హైదరాబాద్ నుంచి కార్లో వెళ్ళొచ్చే వింతైన చోట్లు చెప్పండి" అని ఒకరు అడిగారు. మా ఇంట్లో లెక్క కూడా అచ్చం ఇదే. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, డెబ్బై మూడేళ్ళ మా నాన్న. కాబట్టి మేం తిరిగిన దారే చెప్తాను.

ముందు మేం చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి ఉప్పల్ నుంచి తాపీగా బయల్దేరి, దారిలో ఇడ్లీకో గంట, చాయ్‌కో అరగంట ఆగి, నేరుగా రామప్ప గుడికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండ నలభై మూడు. చెప్పులు బయట విడిచి నాలుగడుగులు వేశామో లేదో రాయి పెనంలా కాలింది. చిన్నదాన్ని భుజం మీద వేసుకుని పరిగెత్తాను. మండపంలో పది నిమిషాలు నిలబడి, మళ్ళీ అదే పరుగు. రామప్పలో ఏం చూశావే అని ఎవరైనా అడిగితే అది ఇప్పటికీ "కాళ్ళు" అంటుంది.

ఆ దెబ్బతో మా ఇంట్లో ఒక రూలు పెట్టుకున్నాం. తొమ్మిదిలోపు రాయి, పదకొండు నుంచి నాలుగు దాకా కప్పు. అంటే రాతి గుళ్ళు, ఆరుబయట చూసేవి పొద్దున్నే అయిపోవాలి. ఎండెక్కాక ఏదో ఒక కప్పు కింద, లేదంటే ఏసీ వేసిన కార్లో ఉండాలి. మ్యాప్‌లో ఏది ముందొస్తే అది చూసుకుంటూ పోతే వేసవిలో పని జరగదు, గడియారం చూసి రూట్ వేసుకోవాలి. రెండోసారి వరంగల్ హైవే మీద అలాగే వేసుకున్నాం.

శనివారం ఆరున్నరకి బయల్దేరి, భువనగిరి కొండని కార్లోంచే చూసి, యాదగిరిగుట్ట పక్కనున్న సురేంద్రపురికి వెళ్ళాం. నిజం చెప్పాలంటే నేను నవ్వుకోడానికే వెళ్ళాను. సిమెంటు బొమ్మలు, కళ్ళు జిగేల్‌మనే రంగులు, ఎదురుగా ఆకాశంలోకి లేచిన విగ్రహం, ఒకవైపు పంచముఖ హనుమంతుడు, రెండోవైపు పంచముఖ శివుడు. లోపల రామాయణం, భారతం, భాగవతం అన్నీ నిలువెత్తు బొమ్మలే. నడుస్తుంటే దేశంలోని పేరున్న గుళ్ళ నమూనాలు కూడా ఎదురొస్తాయి. కుందా సత్యనారాయణ అనే ఆయన చనిపోయిన కొడుకు సురేంద్ర పేరు మీద కట్టించిన చోటు ఇది. ఆ సంగతి తెలిశాక నాకు నవ్వు రాలేదు. కొడుకు పేరు నిలబెట్టడానికి ఒక మనిషి పురాణాలన్నిటినీ పోతపోయించాడంటే మాటలా?

నరకం దగ్గర మా పెద్దవాడు కదల్లేదు. ఒక్కో శిక్ష ముందూ ఆగి "తాతా, ఇది దేనికి?" అని అడగడం, రిటైరైన తెలుగు మాస్టారు కాబట్టి మా నాన్న కుంభీపాకం దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ వివరంగా చెప్పడం. చివరికి వాడు "హోంవర్క్ చెయ్యకపోతే ఏ నరకం?" అన్నాడు. "అది మీ అమ్మ చూసుకుంటుందిరా" అన్నారు నాన్న. ఇక్కడ నడక ఎక్కువ, పెద్దవాళ్ళకి మధ్యలో కూర్చోబెట్టే ఓపిక మీకుండాలి. పదకొండు కాకముందే బయటపడండి.

అక్కణ్ణుంచి మళ్ళీ హైవే ఎక్కి ఆలేరు దగ్గర పక్కకు తిరిగితే కొలనుపాక. జైన మందిరంలో పచ్చరాతి మహావీరుడు ఉన్నాడు. ఇత్తడి, కంచు విగ్రహాలు చూసిన కళ్ళకి ఆ ఆకుపచ్చ కాసేపు అర్థం కాదు. కాలికింద చలువరాయి చల్లగా తగులుతుంటే మా చిన్నది అక్కణ్ణుంచి రానని కూర్చుంది. కల్యాణి చాళుక్యుల కాలంలో పెద్ద పట్టణమట, ఇప్పుడు చిన్న ఊరు. దగ్గర్లోనే సోమేశ్వరాలయం. వీరశైవులు తమ గురువుగా చెప్పుకునే రేణుకాచార్యులు ఆ లింగంలోంచే పుట్టాడని నమ్మకం. ఆవరణలో పాత శిల్పాలు వరసగా పెట్టి ఉన్నాయి.

ఆలేరు, జనగామ దారిలో రోడ్డు పక్కన తాటి ముంజలు అమ్ముతుంటారు. కారు ఆపగానే ఒక ముసలాయన కత్తి పక్కన పెట్టి, "గింత ఎండల పోరగాండ్లను ఏస్కొని ఏడికి పోతుండ్రు సార్?" అన్నాడు. రామప్పకు అన్నాను. "పొద్దుగాల పోవాలె" అన్నాడు. నేనెంత దెబ్బ తిని తెలుసుకున్నానో ఆయనకేం తెలుసు! ముంజలు లేతవి అడిగి కొట్టించుకోండి, ముదిరినవి పిల్లలకి అరగవు.

జనగామకు కాస్త ముందే హైవే పక్కన ఇత్తడి పనివాళ్ళ ఊరు పెంబర్తి. ఎండ మండే మూడు గంటలకి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే పనంతా కప్పు కిందే. లక్క మీద ఇత్తడి రేకు పరిచి, చిన్న చిన్న ఉలులతో కొడుతూ బొమ్మని పైకి తేలుస్తారు. గుడి తలుపుల తొడుగులు, ధ్వజస్తంభాల తొడుగులు, కలశాలు ఇక్కడ తయారవుతాయి. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసిన చేతులివి. ఇప్పుడు సన్మానాల్లో ఇచ్చే షీల్డులు కూడా వీళ్ళే చేస్తున్నారు. లోపలికి రావచ్చా అని అడిగితే కుర్చీలు వేశారు. ఏమీ కొనకుండా రావాలంటే మొహమాటం వేస్తుంది. మేం చిన్న కుంకుమ భరిణె కొన్నాం.

రాత్రి హనుమకొండలో బస. సాయంత్రం వేయిస్తంభాల గుడి చూశాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ళున్న గుడి. విప్పదీసి మళ్ళీ నిలబెట్టిన కల్యాణ మండపాన్ని 2024లో తెరిచారు. మా వాడు స్తంభాలు లెక్కపెట్టడం మొదలెట్టి వందలోపే ఆపేశాడు. హోటల్ గదిలో ఏసీ అర్ధరాత్రి ఆగిపోయింది, బాగుచేసేవాడు పొద్దున వస్తాడన్నారు. ఆ కోపానికో ఏమో గానీ నాలుగున్నరకే అందరం లేచి కూర్చున్నాం. లేకపోతే రామప్పకి ఆ వేళకి చేరేవాళ్ళం కాదు.

ఐదింటికి బయల్దేరాం. ములుగు దాటాక ఎడమకు తిరిగితే పాలంపేట. ఆరున్నరకి గుడి ముందున్నాం. ఇదే రాయి, పాదాలకి చల్లగా తగిలింది. మాతోపాటు ఇంకో కుటుంబం తప్ప ఎవరూ లేరు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. కట్టించినవాళ్ళ పేరు కాకుండా శిల్పి రామప్ప పేరు నిలిచిందని అందరూ చెప్పేదే. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఈ గుడిలో వింత ఒకటి కాదు. గోపురం కట్టిన ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలతాయి, అంత తేలిక. పునాదిలో గొయ్యి తవ్వి ఇసుక, సున్నం, బెల్లం, కరక్కాయ కలిపి నింపారు. భూమి కదిలినా ఆ ఇసుక సర్దుకుంటుందని ఆలోచన. నేల అక్కడక్కడ కుంగి అలలా ఉంది, మా పిల్లలు దాని మీద ఎగుడు దిగుడుగా పరిగెడుతూనే ఉన్నారు. గుడి నిలబడే ఉంది. గైడ్ ఒక స్తంభం మీద బొమ్మని వేలితో మీటి స్వరాలు వినిపించాడు. ఇంకో చోట దారం మాత్రమే దూరేంత సన్నని రంధ్రాలు చూపించాడు. చూరు కింద మదనికల్లో, అంటే నల్లరాతితో చెక్కిన అందగత్తెల బొమ్మల్లో, ఒకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి హీల్స్! మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. గైడ్‌ని తప్పకుండా మాట్లాడుకోండి, లేకపోతే ఇవేవీ మన కంటికి ఆనవు. ఇక్కడి నాట్య భంగిమలు చూసే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్ళీ లేపారని నాన్న చెప్పారు.

ఎనిమిదింబావుకి ఎండ వీపు మీద పడింది. మేం బయటికొస్తుంటే ఎదురుగా ఒక బస్సు నిండా జనం దిగుతున్నారు. నాకు మనసులో ఎంత హాయిగా అనిపించిందో చెప్పకూడదు గానీ, అనిపించింది.

తిరుగుదారిలో జనగామ దగ్గర సిద్దిపేట రోడ్డు పట్టుకుని చేర్యాలకి వెళ్ళాం. నకాషీ బొమ్మల ఊరు. నేననుకున్న లెక్కలో ఇది మధ్యాహ్నం కప్పు కింద గడపడానికి ఒక చోటు, అంతే. కానీ మొత్తం ప్రయాణంలో మాకు మిగిలింది ఇదే.

ఒక చిత్రకారుడి ఇంటికి వెళ్ళాం. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఆరబెట్టిన ఖద్దరు గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు వేస్తారు. రంపపు పొట్టులో అదే జిగురు కలిపి ముఖాల బొమ్మలు చేస్తారు. ఆయన ఒక పాత పటం విప్పుతూ, "ఇది సదువుడు కాదు సార్, సూసుకుంట కథ చెప్పాలె" అన్నాడు. ఈ పటాలు గోడకి తగిలించుకోడానికి పుట్టినవి కావు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, ఆ పురాణం చెప్పేవాళ్ళు వేరే. పద్మశాలీలకి మార్కండేయ పురాణం కూనపులివాళ్ళు చెప్తారు. ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు. ఊరూరా తిరుగుతూ పటం విప్పుకుంటూ రాత్రుళ్ళు కథ నడిపేవాళ్ళు.

కూనపులివాళ్ళ పేరు వినగానే మా నాన్న లేచి పటం దగ్గరికి వెళ్ళారు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి శాలోళ్ళ వాడలో పెట్రోమాక్స్ లైటు కింద ఈ కథ విన్నారట. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ చెప్పలేదు. భావనా రుషి పులి మీద ఎక్కిన బొమ్మ మీద వేలు పెట్టి, "ఇక్కడికి రాగానే డప్పు గట్టిగా కొట్టేవాళ్ళు, మేం నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేవాళ్ళం" అన్నారు. చిత్రకారుడు కుంచె పక్కన పెట్టేశాడు. ఇద్దరూ కలిసి కథ ఎక్కడెక్కడ తెగిందో అతుక్కుంటూ గంటన్నర కూర్చున్నారు. పిల్లలు ముఖాల బొమ్మలకి రంగులేయడం చూస్తూ ఉండిపోయారు, ఒక్కళ్ళూ ఫోన్ అడగలేదు. పెద్ద పటం కొనే స్తోమత మాకు లేదు గానీ రెండు ముఖాలు కొన్నాం. కొమురవెల్లి మీదుగా రాజీవ్ రహదారి ఎక్కి రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉన్నాం. దారంతా నాన్న మాట్లాడుతూనే ఉన్నారు.

పోచంపల్లి కూడా ఇటేగా అంటారేమో. భూదానం పుట్టిన ఊరు, 1951లో వినోబా భావేకి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చిన చోటు, చూడాల్సిందే. కానీ దీన్లో కలపకండి. మగ్గాల ఇళ్ళల్లోకి ఆడవాళ్ళు వెళ్ళాక ఆ రోజు ఇంక అక్కడే.

కారు గురించి రెండు ముక్కలు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూపించండి, వేడెక్కాక చూస్తే లెక్క తప్పుతుంది. కూలెంట్ కూడా చూసుకోండి. మొదటి ట్రిప్పులో మాకు ఆలేరు దాటాక ఇంజిన్ వేడి చూపించే సూది ఎర్రగీత దాకా వెళ్ళింది. అలాంటప్పుడు వెంటనే రేడియేటర్ మూత తిప్పకండి, వేడినీళ్ళు మీద చిమ్ముతాయి. నీడలో ఆపి చల్లారేదాకా ఆగాల్సిందే. మందపాటి సాక్సులు తలా ఒక జత పెట్టుకోండి, గుళ్ళ దగ్గర ప్రాణం నిలబెడతాయి.

ఒక్కరోజే వీలైతే బీదర్. జహీరాబాద్ మీదుగా నూట నలభై కిలోమీటర్లు. ఝరణీ నరసింహస్వామి దగ్గరికి వెళ్ళాలంటే గుహలో దాదాపు మూడొందల మీటర్లు ఛాతీ లోతు నీళ్ళలో నడవాలి, పైన గబ్బిలాలు. మే నెలలో ఇంత చల్లని దర్శనం ఇంకెక్కడా దొరకదు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవాలి, పెద్దవాళ్ళకి మాత్రం వద్దనే అంటాను, మా నాన్న బయటే కూర్చున్నారు. ఊళ్ళో బిద్రీ పనివాళ్ళు వెండి పొదిగిన పాత్రకి కోట మట్టి, నవాసాగరం కలిపి రుద్దితే లోహం నల్లబడి వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది, అది కూడా చూసి రండి.

ఊరు దాటడమే కుదరకపోతే బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. వంకాయ కారు, బర్గర్ కారు, బూటు కారు, అన్నీ నిజంగా నడిచేవే. కె. సుధాకర్ గారు 2005లో 41 అడుగుల పైన ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్ ఎక్కారు. రెండు గంటల పని.

బీదర్ వెళ్ళేట్టయితే మారు బట్టలు, ఫోన్‌కి నీళ్ళు దూరని కవరు మర్చిపోకండి. కళ్ళజోడుకి తాడు కట్టుకోండి. నాది ఇంకా ఆ గుహలోనే ఉంది.