బిడ్డ పెరుగుతుంది, కాలు పెరగదు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఈ నెల: పిల్లల కృత్రిమ కాళ్లు, వాటి కోసం సాయం చేసే పద్ధతి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. లారీ ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద తీసేసినారు. పోయిన ఏడాది ఒక క్యాంపులో ఉచితంగా కాలు ఇచ్చినారు. పది నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు కుంటతా ఉంది. బడి నుంచి రాగానే ఊడబీకి మూలన పడేస్తుంది. మోకాలి పక్కన ఎర్రగా కమిలింది. మాకు నాసిరకం అంటగట్టినారా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి. పది నెలలు నడిచిందంటే కొలత సరిగ్గానే తీసుంటారు. పాప పెరిగింది, కాలు అట్లాగే ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకు దాదాపు ఏటా, ఐదు నుంచి పన్నెండేళ్ల వరకు సుమారు రెండేళ్లకోసారి కాలు మార్చాల్సి వస్తుంది. ఈలోగా మూడు నాలుగు నెలలకోసారి చూపిస్తూ ఉండాలి. క్యాంపు మైకులో ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంట్లోనే రెండు పరీక్షలు చేసి చూడండి. మొదటిదానికి చపాతీ పిండి చాలు. గోలీకాయంత ఉండ చేసి, పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, సాకెట్ (మొండికాలు దూర్చే గిన్నె) అడుగున వెయ్యండి. ఎప్పటిలాగే మొండికాలికి సాక్సు వేసి, కృత్రిమ కాలు తొడిగి, పది అడుగులు నడిపించి తీసి చూడండి. ఉండ గుండ్రంగానే ఉంటే మొండికాలు అడుగు దాకా దిగడం లేదు, సాకెట్ బిగుతైంది. రెండు సాక్సులు వేస్తుంటే ఒకటి తీసి మళ్లీ చూడండి. ఉండ అప్పడంలా నలిగిపోతే కాలు మరీ లోపలికి దిగుతోంది, ఇంకో సాక్సు కలపాలి. కాస్త అణిగి ఉంటే సరిపోయినట్టు.

రెండోది నోటుపుస్తకాలతో. రెండు కాళ్లకూ చెప్పులు వేయించి నిటారుగా నిలబెట్టండి. వెనక నుంచి రెండు తుంటి ఎముకల పైఅంచుల మీద చేతులు పెట్టండి. ఏ వైపు దిగి ఉందో ఆ పాదం కింద ఒక్కొక్క పుస్తకం పెడుతూ రెండు చేతులూ సమానమయ్యేదాకా చూడండి. పుస్తకాల మందం కొలిస్తే ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. ఈ వయసులో ఏడాదికి ఓ సెంటీమీటరు తేడా రావడం మామూలే. లోపల గొట్టం ఉండే రకమైతే గొట్టం మార్చి త్వరగానే ఎత్తు సరిచేస్తారు. పై డొల్లే బరువు మోసే రకమైతే చాలాసార్లు కొత్తది చెయ్యాల్సిందే. కృత్రిమ కాలి వైపే ఎత్తుగా ఉందంటే మొండికాలు సాకెట్‌లోకి పూర్తిగా దిగడం లేదేమో చూడాలి.

ఇక ఎరుపు. కాలు తీశాక పది పదిహేను నిమిషాల్లో పోయే ఎరుపుకు భయం లేదు. మోకాలిచిప్పకు కాస్త కింద ఎర్రబడటం కూడా సహజం, బరువు అక్కడే మోపేలా సాకెట్ చేస్తారు. మీరు చెప్పిన చోటు మోకాలికి బయటివైపు, కొంచెం కిందగా బొడిపెలా తగిలే ఎముక అయితే మాత్రం అక్కడ ఒత్తిడి పడకూడదు. దాని మీద కండ లేదు, చర్మమే. సాక్సు పైన ఆ చోట లిప్‌స్టిక్ బొట్టు పెట్టి తొడిగితే, ఎక్కడ రాసుకుంటోందో సాకెట్ లోపల ముద్ర పడుతుంది. టెక్నీషియన్ అక్కడ వేడి గాలి పట్టి గిన్నెను బయటికి ఉబ్బిస్తారు. దయచేసి మీరు ఆ పని గ్యాస్ పొయ్యి మీద చెయ్యబోకండి. ప్లాస్టిక్ వంకర తిరిగిందంటే మళ్లీ దారికి రాదు.

ఒకటి మాత్రం సొంత వైద్యానికి లొంగదు. మొండికాలి కొస మొనదేలి, చర్మం పల్చబడి, ముట్టుకుంటే పాప ఏడిస్తే లోపల ఎముక పెరుగుతోందేమో అనుకోవాలి. ఎముకను మధ్యలో కోసిన పిల్లల్లో ఇది తరచుగా వస్తుంది. అప్పుడు సాకెట్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించాలి.

తిరుపతిలో తి.తి.దే. నడిపే బర్డ్ ఆసుపత్రిలో కృత్రిమ అవయవాల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత కాలు, రెండు జతల సాక్సులు, బడికి వేసుకునే బూట్లు, సదరం (వైకల్య) సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు తీసుకెళ్లండి. పాపకు నిక్కరు వేయించండి. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలో ఒకసారి సాయం పొందిన పెద్దవాళ్లు మూడేళ్లు ఆగాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఆ గడువు ఒక్క ఏడాదే.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడివాళ్లు వాడి వదిలేసిన కృత్రిమ కాళ్లు సేకరించి మన జిల్లా పిల్లలకు పంపుతానంటున్నాడు. ఉపయోగమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: పెట్టెలో వచ్చేదాంట్లో సగం పక్కన పెట్టాల్సిందే. సాకెట్ ఒకరి కాలికి పోసిన అచ్చు, ఇంకొకరికి పట్టదు. పాదం, గొట్టం, మోకీలు పనికిరావచ్చు. అయితే పెద్దవాళ్ల గొట్టం సాధారణంగా 30 మిల్లీమీటర్లు, పిల్లలది 22. మధ్యలో సరైన అడాప్టర్ లేకపోతే రెండూ కలవవు. పాదానికి కుడి ఎడమలుంటాయి, సెంటీమీటర్లలో సైజులుంటాయి. ఎనభై కిలోల మనిషి కోసం చేసిన పాదం ఇరవై కిలోల బిడ్డ కింద వంగదు, చెక్కముక్కలా ఉంటుంది. ఒక స్క్రూ పోతే ఆ కంపెనీది ఇక్కడ దొరక్క కాలు అటకెక్కుతుంది.

మన పిల్లలు నేల మీద కూర్చోవాలి, బురదలో దిగాలి, ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగాలి. జైపూర్ పాదం 1968లో పుట్టింది ఆ అవసరంలోంచే. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని వేడిచేసి అచ్చు మీదికి లాగి సాకెట్ చేస్తారు. ముడిసరుకు, మరమ్మతు రెండూ ఇక్కడే దొరుకుతాయి.

అబ్బాయిని డబ్బు పంపమనండి. భారత పాస్‌పోర్టు ఉండి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది. అప్పుడు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు ఉన్న సంస్థకే, న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దానికున్న ఖాతాకే పంపాలి. ‘బిడ్డ పెరిగాక మార్చే రెండో కాలికి, మూడో కాలికి, మరమ్మతులకు’ అని రాయించండి. మొదటి కాలికి దాతలు దొరుకుతారు. బిడ్డను తీసుకుని ఆసుపత్రికి వచ్చిన రోజు తల్లి పోగొట్టుకునే కూలి, బస్సు చార్జీ, రెండు రాత్రుల బస ఎవరి లెక్కలోకీ రావు. మాకు తెలిసి పిల్లలు మళ్లీ కొలతలకు రాకపోవడానికి పెద్ద అడ్డం అక్కడే ఉంది.

ప్రశ్న: మా యువజన సంఘం తరఫున నలభై మంది పిల్లలకు ఒకే రోజు కాళ్లు పంచాలనుకుంటున్నాం. సలహా చెప్పండి.
– తిరుపతి

జవాబు: పదిమందికి తగ్గించుకోండి, రెండు మూడేళ్లు వెంట ఉండండి. కొలత తీసేది పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, నమోదైన ప్రోస్థెటిస్టేనా (కృత్రిమ అవయవాల నిపుణుడేనా) అని అడగండి. తొడిగిన రోజే పంపెయ్యకుండా పట్టుకుని నడిచే కమ్మీల మధ్య సాధన చేయించాలి. తీసి చర్మం చూసి, మళ్లీ తొడిగి నడిపించాలి. ఒక్కో బిడ్డ పేరున పుస్తకం పెట్టి తర్వాతి తేదీ రాయండి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరుకు ఆ తేదీ చెబితే ఇంటికి గుర్తుచేస్తారు. వేదిక మీద మొండికాళ్లతో ఫొటోలు వద్దు.

ప్రశ్న: కరెంటు షాక్‌తో మా తమ్ముడి కొడుక్కి మోకాలి కింద కాలు తీశారు. గాయం మానింది, కుట్లు విప్పారు. కృత్రిమ కాలికి ఇంకా టైముందట. ఈలోగా ఏం చెయ్యాలి?
– నగరి

జవాబు: డాక్టరు సరేనంటే మూడంగుళాల క్రేప్ బ్యాండేజీ కట్టండి. ఎనిమిది అంకెలాగా ఏటవాలుగా చుట్టాలి. కొస దగ్గర బిగువు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. కడియంలా గుండ్రంగా చుడితే నెత్తురు ఆగి కొస ఉబ్బుతుంది. నాలుగు గంటలకోసారి విప్పి మళ్లీ కట్టండి. నొప్పి, తిమ్మిరి వస్తే వెంటనే విప్పండి. మోకాలి కింద దిండు పెట్టకండి. పిల్లవాడికి హాయిగానే ఉంటుంది గానీ మోకాలు వంగి బిగుసుకుపోతుంది, అప్పుడు సాకెట్ సరిగా పట్టదు. రోజుకు రెండు మూడుసార్లు పావుగంట బోర్లా పడుకోబెట్టండి, ఆ టైములో టీవీ చూడనివ్వండి.