మన్యం చలిలో మీ నాన్న అంబాసిడర్

రాజోలు,
డిసెంబరు, ఆదివారం.

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

నిన్న రాత్రి ఫోనులో నేను చెప్పినదాంట్లో నీకు సగం కూడా వినిపించినట్టు లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివి ఎక్కడో పడేయకుండా బండి డాష్‌బోర్డు అరలో ఉంచుకో.

మీ నాన్న అంబాసిడర్ మూడు రోజులుగా తెల్లవారుజామున స్టార్ట్ కావడం లేదనీ, ఎండ పొడిచాక తొమ్మిదింటికి మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంటోందనీ చెప్పావు. బడికి ఆలస్యమవుతుందన్న కంగారులో సెల్ఫ్ నిమిషం సేపు ఆపకుండా తిప్పానని కూడా అన్నావు. ఆ మాట విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సెల్ఫ్ ఎప్పుడూ పది సెకన్లకు మించి తిప్పకు. అందుకోకపోతే వదిలేసి కనీసం అర నిమిషం ఆగు. ఆపకుండా తిప్పితే మోటారు లోపల తీగ చుట్టలు వేడెక్కి కాలిపోతాయి, బ్యాటరీ అడుగంటుతుంది. అప్పుడు అసలు లోపం ఒకటి ఉండగా ఇంకో రెండు వచ్చి కూర్చుంటాయి.

బండి పాడైపోయిందని బెంగపడకు. రాజోలులో సంక్రాంతి చలి అన్నా పొద్దున 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ వెచ్చదనంలో డీజిల్ బండి లోపాలు బయటపడవు. ఇప్పుడు నువ్వున్న మన్యంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రంతా ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. నువ్వు బండిని ఆరుబయటే పెడుతున్నావు. ఇక్కడ ఏళ్ల తరబడి దాగి ఉన్న చిన్నచిన్న లోపాలన్నీ అక్కడి చలికి ఒక్కసారిగా బయటపడ్డాయి, అంతే.

నీ చిన్నప్పుడు మెరక చేనుకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్‌ను మీ తాతయ్య స్టార్ట్ చేయడం చూశావు కదా. హ్యాండిల్ తగిలించి, ఎడమ చేత్తో డీకంప్రెషన్ లివరు ఎత్తిపట్టి, కుడి చేత్తో తిప్పేవారు. లివరు ఎత్తి ఉన్నంతసేపూ వాల్వు తెరుచుకుని ఉంటుంది కాబట్టి గాలి బుసబుసమంటూ బయటకు పోయేది. చక్రం ఊపందుకున్నాక లివరు వదిలేవారు. వెంటనే ఇంజన్ ఒక్కసారి బిగబట్టి, ‘డబ్’ మని పేలి, పొగ గొట్టం నుంచి నల్లటి ఉండ ఎగిరేది. లివరు వదలడమంటే గాలిని బంధించి నొక్కడం. డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు. సిలిండర్‌లోని గాలిని ఇరవయ్యో వంతుకు, కొన్ని ఇంజన్లలో అంతకంటే తక్కువకు నొక్కితే పుట్టే వేడే దానికి అగ్గిపుల్ల. గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది.

అంబాసిడర్ లాంటి పాత కారు ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. ఇంజన్ పైమూత అయిన హెడ్డులో ఉన్న చిన్న గదిలో ముందు అంటుకుంటుంది. రాత్రంతా చల్లబడిన ఆ ఇనుప గది గాలిలోని వేడినంతా పీల్చేస్తుంది. అందుకే అక్కడ కరెంటుతో ఎర్రగా కాలి ఆ గదిని వేడెక్కించే హీటర్ ప్లగ్గు పెట్టారు. కాబట్టి పొద్దున బండి అందుకోలేదంటే ఎవరో ఆ వేడిని దొంగిలిస్తున్నారన్నమాట. ఆ దొంగను పట్టుకోవాలి. తెల్లవారుజామున చలిలో వణుకుతూ పట్టుకోలేవు. ముందు రోజు సాయంత్రం, వెలుగుండగా, ఇంజన్ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే పట్టుకోవాలి.

ముందు పొగ చూడు. నువ్వు సెల్ఫ్ తిప్పుతుంటే ఎవరినైనా వెనక నిలబడి సైలెన్సర్ చూడమను. తెల్లటి పొగ గుప్పుమంటూ వస్తున్నా అందుకోవడం లేదంటే డీజిల్ లోపలికి చేరుతోంది, అంటుకోవడం లేదు. అది వేడి తక్కువైన లక్షణం. పొగే లేదంటే డీజిలే చేరడం లేదు. ఈ రెండింటికీ వైద్యం వేరు. ఇది చూడకుండా బండిని మెకానిక్‌కు అప్పగిస్తే ఆయన ఊహ మీద పంపు విప్పుతాడు.

తెల్లపొగ వస్తోందని నువ్వు చెప్పావు కాబట్టి నా అనుమానమంతా హీటర్ ప్లగ్గుల మీదే. వాటిని ఇలా పరీక్షించు. నాలుగు ప్లగ్గులనూ కలిపే ఇత్తడి పట్టీని నట్లు విప్పి పక్కన పెట్టు. టెస్టు లాంపు అంటే రెండు తీగలున్న చిన్న బల్బు, దాని తీగ ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కు తగిలించి, రెండో కొసను ఒక్కో ప్లగ్గు తలకు తాకించు. బల్బు బాగా వెలిగితే ప్లగ్గులో తీగ తెగలేదు. వెలగకపోతే అది చచ్చిపోయింది. నాలుగింట్లో రెండు పోయినా మన రాజోలులో బండి నడుస్తుంది, నీకు తెలియను కూడా తెలియదు. లంబసింగిలో ఒక్కటి పోయినా తెల్లపొగ, దడదడ. కొన్ని మరీ పాత బండ్లలో ప్లగ్గులు పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. మీ నాన్న బండిలో నేను చూసినప్పుడు పట్టీయే ఉంది, కాబట్టి ప్లగ్గులను విడివిడిగా చూడవచ్చు.

ప్లగ్గులన్నీ మంచివే అయితే వాటికి కరెంటు వస్తోందో లేదో చూడు. హీటర్ వేసినప్పుడు లోపలి దీపాలు కొంచెం మసకబారాలి. మసకబారలేదంటే ప్లగ్గులకు కరెంటు వదిలే రిలే స్విచ్చు కానీ ఫ్యూజు కానీ పోయినట్టు. ఇక హీటర్ ఎంతసేపు ఉంచాలని అడిగావు. అక్కడి చలికి 20 నుంచి 30 సెకన్లు. డాష్‌బోర్డులో హీటర్ దీపం ఆరగానే తొందరపడి కీ తిప్పకు. మొదటిసారి అందుకోకపోతే మళ్లీ హీటర్‌తోనే మొదలుపెట్టు, ఉత్త సెల్ఫ్‌తో కాదు.

రెండో దొంగ బ్యాటరీ. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఐదో వంతు పోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, పైగా నాలుగు హీటర్ ప్లగ్గులూ కలిసి బాగా కరెంటు తాగుతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి పక్కల నుంచి జారిపోతుంది, వేడి పుట్టదు. అందుకే సెల్ఫ్ ‘గర్ర్ గర్ర్’ మని చురుగ్గా తిరుగుతోందా, ‘గుయ్... గుయ్’ మని మూలుగుతోందా అని చెవి పెట్టి విను. సాయంత్రం బండి ఆపి రెండు గంటలయ్యాక మీటరు పెట్టి చూడు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే.

బ్యాటరీ ఆసిడ్ ఆవిరికి టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుంటుంది. వేడినీళ్లలో వంట సోడా కలిపి పోస్తే నురగెత్తి కరిగిపోతుంది. ఆరాక వాజలైన్ రాయి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్తింగ్ పట్టీని మాత్రం మరవకు. ఇరవై ఏళ్లు అంతర్వేది గాలి పీల్చిన బండి అది. పైకి బిగుతుగా కనిపించినా కింద తుప్పు ఉంటుంది. విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించు. కొత్త బ్యాటరీ కొన్నా బండి మూలుగుతూనే ఉందని గోల పెట్టిన వాళ్లలో చాలామందికి నేను చేసిన వైద్యం ఈ పట్టీ గీకడమే.

ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చావో గుర్తు చేసుకో. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటే ఈసారి 15డబ్ల్యూ-40 పోయించు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పలుచగా ఉంటుందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ మంచిది. సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకో. గేరుబాక్సులోని చిక్కటి నూనెను కూడా సెల్ఫ్ మోటారే చిలకాల్సిన పని తప్పుతుంది.

పొగే రాని రోజు ఉంటుంది, దానికీ సిద్ధంగా ఉండు. రాత్రంతా నిలిపిన బండిలో ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి గాలి పీల్చుకుంటే డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ఫిల్టర్ దగ్గర ఉన్న ప్రైమర్‌ను, అంటే డీజిల్ తోడే చిన్న చేతి పంపును, నొక్కు. గట్టిపడేదాకా నొక్కి, లోపలి గాలిని వదిలే ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేస్తే నురగతో డీజిల్ వస్తుంది. నురగ పోయి నికార్సయిన డీజిల్ ధార వచ్చాక బిగించు. ఇది రోజూ చేయాల్సి వస్తోందంటే ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే గొట్టంలో జానెడు పొడవు, లోపల కనిపించే డీజిల్ గొట్టం వేయించు. బుడగలు ఎటు నుంచి వస్తున్నాయో కంటికే తెలుస్తుంది.

డీజిల్ గురించి ఒక సంగతి. మీ అమ్మమ్మ కిటికీలో పెట్టే కొబ్బరినూనె సీసా ధనుర్మాసం వచ్చేసరికి తెల్లగా పేరుకుపోయేది కదా. ముందు నూనెలో మబ్బులాంటి తెర కనిపించేది, తర్వాత అడుగు నుంచి గడ్డకట్టేది. డీజిల్‌లోనూ మైనం ఉంటుంది, అదీ అలాగే మబ్బు పడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్ గుండా పారితే చాలు, వేసవి డీజిల్‌కైతే ఆ పరిమితి 18 డిగ్రీలు. ఇక్కడ వేసవిలో నింపిన పాత డీజిల్‌తో కొండెక్కకు. ఉన్నది వాడేసి చలికాలంలో అక్కడి బంకులోనే నింపించు. ట్యాంకు సగం ఖాళీగా కూడా ఉంచకు, ఆ ఖాళీలోని తేమ రాత్రికి నీటిబొట్లై డీజిల్‌లో దిగుతుంది. వారానికోసారి ఫిల్టర్ అడుగున మర విప్పి ఆ నీరు వదిలేయి. ఫిల్టర్‌లో మైనం అడ్డుపడిందని అనిపిస్తే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ దాని చుట్టూ చుట్టు. ఐదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

లడఖ్‌లోని ద్రాస్‌లో మేం సైన్యపు శక్తిమాన్ లారీలు నడిపిన రోజుల్లో సున్నాకు 20 డిగ్రీల కిందికి పోయిన రాత్రుల్లో డీజిల్ గొట్టాల్లోనే గంజిలా అయ్యేది. లడఖ్ కోసం సున్నాకు 33 డిగ్రీల కిందా పారే ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది. మా కాలంలో అది లేదు. డ్రైవర్లు ట్యాంకు కింద స్టవ్ వెలిగించేవారు. ఒక లారీ అంటుకోవడం నేను కళ్లారా చూశాను. నువ్వు బండి కింద నిప్పు పెట్టవని నాకు మాట ఇవ్వు. ఎవరైనా ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే తెచ్చి గాలి ఫిల్టర్‌లో కొట్టమన్నా వద్దను. ఎర్రగా కాలిన హీటర్ ప్లగ్గు మీద అది పడితే ఇంజన్ లోపలే పేలి పిస్టన్ పగులుతుంది. డీజిల్‌లో కిరోసిన్ కలపమనేవాళ్లు కూడా ఉంటారు. అది చట్టరీత్యా నేరం, పైగా పంపుకు జిడ్డు తగ్గి అరిగిపోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది రేడియేటర్. మీ నాన్న ఎప్పుడూ కాలువ నీళ్లే పోసేవాడు, మనందరమూ అంతే. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఇనుప బ్లాకునైనా చీల్చేస్తుంది. ద్రాస్‌లో మొదటి చలికాలం ఒక రాత్రి నేను అలసిపోయి నీళ్లు వదలడం మరిచాను. పొద్దున బ్లాకు పక్కన వేలెడు పొడవు పగులు, అందులో గాజులా మెరుస్తున్న మంచు. ఆ బండి ఆ చలికాలమంతా కదలలేదు. లంబసింగిలో సున్నా తాకే రాత్రులు ఉంటాయంటారు. ఆ చలికి రేడియేటర్ పగలకపోవచ్చు, కానీ సెలవుల్లో ఇంకా పైకి, హిమాలయాల వైపు వెళ్తానని నువ్వు అన్నావు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. పాత నీళ్లు వదిలి, తుప్పు పోయేదాకా కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించు. ఆ పాళ్లలో సున్నాకు 35 డిగ్రీల కింద కూడా గడ్డకట్టదు. తుప్పు కూడా తగ్గుతుంది.

రాత్రి బండిని వాలు మీద, ముక్కు కిందికి ఉండేలా పెట్టు. గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు వేయి. వాలులో దొర్లించి స్టార్ట్ చేయాల్సి వస్తే ముందు హీటర్ వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదులు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకు గట్టిగా ఉండవచ్చు, కాబట్టి మలుపుకు ముందే తొక్కు. ముందు మనిషి లేకుండా చూసుకో. అందుకున్నాక యాక్సిలరేటర్ తొక్కి అరిపించకు. ఒక నిమిషం తనంతట తాను తిరగనిచ్చి, మెల్లగా బయలుదేరు. మూసిన షెడ్డులో మాత్రం ఇంజన్ నడపవద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

నాలుగు హీటర్ ప్లగ్గులు, టెస్టు లాంపు, ప్లగ్గు పానా రేపు రాజమండ్రిలో కొని బస్సులో పంపిస్తాను. బుధవారం సాయంత్రం నర్సీపట్నం కాంప్లెక్స్‌లో అందుకో. పాత ప్లగ్గులు విప్పేముందు రాత్రే వాటి మరల దగ్గర కొంచెం నూనె వేయి. బండి కాసేపు నడిపి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే విప్పు. చల్లటి హెడ్డులో బలంగా తిప్పితే విరిగి సగం లోపలే ఉండిపోతుంది, అప్పుడు హెడ్డు దించాల్సి వస్తుంది. పాతవి పారేయకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, వాటి కొసలు చూస్తే నాజిళ్లు ఎలా చిమ్ముతున్నాయో చెబుతాను.

మీ అత్తయ్య జున్ను పెట్టి పంపమంటోంది. బస్సులో చెడిపోతుందని చెప్పాను, పూతరేకులు పంపుతోంది.

మీ మామయ్య