స్టీరింగ్ బాక్సుకి డబ్బు కట్టే ముందు జాకీ ఎత్తి చూడండి

పదేళ్ళు దాటిన పది టైర్ల లారీ, స్టీరింగ్‌లో ప్లే (చక్రం కదలకుండానే స్టీరింగ్ వదులుగా తిరగడం) ఎక్కువైంది, మెకానిక్ కొత్త స్టీరింగ్ బాక్సుతో (స్టీరింగ్ కింద ఉండే గేరు పెట్టె) కలిపి 70 వేలు చెప్పాడు, అంత అవుతుందా అని అడిగారు. బాక్సు నిజంగా పోతే అవుతుందండి. కానీ ఎడమ పక్క ముందు టైరు అంచు తినేస్తోందని కూడా రాశారు. టైరు తింటోందంటే నాకు అనుమానం ముందు కింగ్ పిన్నుల (ముందు చక్రం పక్కకి తిరగడానికి ఇరుసుగా ఉండే పిన్నులు) మీదా, టై రాడ్ ఎండ్ల (రెండు ముందు చక్రాలనీ కలిపే రాడ్డు చివరి జాయింట్లు) మీదా.

మాది తాడేపల్లిగూడెం. మా బండ్లు ఆకివీడు, కైకలూరు వైపు చేపల లోడుకి వెళ్తాయి. ఎప్పుడూ హైవే మీదే తిరిగే బండికీ, చెరువు గట్లెక్కే బండికీ ముందు యాక్సిల్ ఒకేలా అరగదు. నల్లమట్టి బురద సీళ్ళ దగ్గర పట్టి ఎండుతుంది, మళ్ళీ తడుస్తుంది. రబ్బరు బూటు చిరిగిందా, ఇక లోపల గ్రీజుతో కలిసి రుబ్బురోలే.

యాక్సిల్ లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగుతుంటే ఒకళ్ళని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఊపు ఆగిపోతే హబ్ బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. తర్వాత బండి దించి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, డ్రైవర్‌తో స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పించి కింద నుంచి గమనించండి. బాక్సు నుంచి వచ్చే ఆర్మ్ కదులుతున్నా చక్రం కదలకపోతే లోపం డ్రాగ్ లింక్‌లోనో (ఆ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే రాడ్డు) జాయింట్లలోనో ఉన్నట్టు. స్టీరింగ్ నుంచి బాక్సులోకి దిగే పై రాడ్డు తిరుగుతున్నా ఆర్మే ఆలస్యంగా కదిలితే అప్పుడు బాక్సు సంగతి చూడాలి. ఆయిల్ కారడం ఒక్కటే అయితే సీల్ కిట్‌తో పోతుంది.

మా బండికి వానలు తగ్గాక చేయించాం. రెండు పక్కలా కింగ్ పిన్ కిట్లు 7 వేలు, టై రాడ్ ఎండ్లు రెండూ 3 వేల చిల్లర, డ్రాగ్ లింక్ నాలుగున్నర వేలు, లేత్‌లో బుష్‌ల ప్రెస్సింగు, రీమింగుతో (బుష్ రంధ్రాన్ని పిన్నుకి సరిపడా చెక్కడం) కలిపి కూలి ఐదున్నర వేలు, అలైన్‌మెంట్ విడిగా. అదీ కలిపి మొత్తం దగ్గర దగ్గర 22 వేలు. మోడల్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది. కొత్త ముందు టైరు ఒక్కటి కొన్నా ఆ దరిదాపుల్లోకే వస్తుంది కదా.

రీమింగ్ దగ్గర మాత్రం బేరమాడకండి. బుష్ బిగుతైతే స్టీరింగ్ తనంతట తిరిగి రాదు, వదులైతే ఆర్నెల్లకి మళ్ళీ అదే పని. పిన్ను రాకపోతే గ్యాస్ పెట్టి యాక్సిల్ కాల్చేవాళ్ళున్నారు, ఒప్పుకోవద్దు, ప్రెస్సు ఉన్నచోటికే తీసుకెళ్ళండి. ప్లే పోతుందని బాక్సు మీది స్క్రూ బిగించేయడం ఇంకో తప్పుడు వైద్యం. డ్రాగ్ లింక్‌కి వెల్డింగ్ మాట ఎత్తితే ఆ షెడ్డు నుంచి బండి తీసేయండి.

పార్టులు విజయవాడ ఆటోనగర్‌లో ధర అడిగి, ట్రాన్స్‌పోర్టులో వేయించుకుంటే కొంత మిగులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, మీ కొటేషన్ ఏ రేటుతో వేశారో చూసుకోండి.

అలైన్‌మెంట్ అన్నీ మార్చాకే చేయించాలి, అరిగిన జాయింట్ల మీద చేయిస్తే నిలవదు. అంచు పోయిన ఆ టైరు వెనక్కి వేసేయండి, నట్లు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్నులు పాతవి మళ్ళీ పెట్టనివ్వకండి. గ్రీజు కొట్టేటప్పుడు కూడా యాక్సిల్ లేపే కొట్టమనండి, బరువు మీద ఉంటే కింగ్ పిన్ కింద బేరింగుకి సరిగా చేరదు.