గిటార్ పాతదే, ఖర్చులు మాత్రం ఈ నెలవి

ప్రశ్న: నేను కచేరీల్లో గిటార్ వాయిస్తాను. ఆదాయం ఏ నెలా ఒకేలా ఉండదు, పొదుపు ఏమీ లేదు. 1998లో కొన్న ఎలక్ట్రిక్ గిటార్, ట్యూబ్ ఆంప్లిఫయర్, గిటార్ ధ్వనిని మార్చే నాలుగు పెడళ్లు వాడకుండా పడి ఉన్నాయి. గిటార్‌కు ఆ తర్వాత పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) మార్పించాను. పాతికేళ్లు దాటింది కనుక వింటేజ్ (పాతదనం వల్ల విలువ పెరిగిన వస్తువు) అయిందని, ఇంకో ఐదేళ్లు ఆగితే మంచి ధర వస్తుందని తోటివాళ్లు అంటున్నారు. అప్పటిదాకా ఇంటి ఖర్చులకు 18 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అమ్ముకోగల వస్తువును బీరువా పక్కన పెట్టుకుని, తిండి ఖర్చుకు అప్పు చేయడం నేను తరచూ చూస్తున్న పొరపాటు. ఒకరు స్థలం అమ్మరు, ఒకరు నగలు అమ్మరు, మీరు గిటార్ అమ్మనంటున్నారు. లెక్క ఒక్కటే. ఐదేళ్ల వాయిదాల మీద ఈ రుణం తీరేసరికి వడ్డీయే అసలులో సగం దాటుతుంది. మీ సామాను విలువ ఏటా 18 శాతం పెరిగితేనే ఈ నిరీక్షణ గిట్టుబాటవుతుంది. అలా పెరుగుతుందని మీ తోటివాళ్లలో ఎవరైనా హామీ ఇస్తారా?

వింటేజ్ అనే మాటకు అందరూ ఒప్పుకున్న పాతికేళ్ల గీత ఏదీ లేదు. గిటార్లు తయారుచేసే అమెరికన్ కంపెనీ ఫెండర్‌ను ప్రసార సంస్థ సీబీఎస్ 1965 జనవరిలో కొన్నది. అంతకుముందు తయారైన ఫెండర్ గిటార్లనే కొనుగోలుదారులు ప్రత్యేకంగా వెతుక్కుంటారు, 1970ల నాటి వాటిని వింటేజ్ అనాలా వద్దా అని చాలాకాలం వాదించుకున్నారు. ధరను నిర్ణయించేది వయసొక్కటే కాదు. ఏ మోడల్, ఎన్ని తయారయ్యాయి, విడిభాగాలు అసలువేనా అన్నవి కూడా చూస్తారు. పికప్‌లు మార్పించిన 1998 నాటి గిటార్ మంచి వాయిద్యమే కావచ్చు, కానీ దాన్ని పెట్టుబడి అనుకోవద్దు. పేరుమోసిన 1950ల గిటార్ల ధరలే 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పడిపోయాయి. కచేరీలు తగ్గి మీకు డబ్బు అవసరమయ్యే రోజుల్లోనే కొనేవాళ్లూ తగ్గుతారు. నన్ను భయపెట్టేది అదే.

ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను. మీ వంటి వారికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు సరిపడా ఉండాలి. ఒక సీజన్ పోయినా, చేతికి దెబ్బ తగిలి మూడు నెలలు వాయించలేకపోయినా ఇల్లు గడవాలి కదా! అత్యవసర నిధి లేనివారికి ఏ పెట్టుబడి గురించీ నేను సలహా ఇవ్వను. ఆరోగ్య బీమా లేకపోతే ఈ నిధిలోంచే మొదటి ప్రీమియం కట్టండి. మ్యూచువల్ ఫండ్ల సంగతి తర్వాత.

రోజూ వాయించే గిటార్‌ను ముట్టుకోకండి, అది మీ జీవనోపాధి. మిగిలినవి అమ్మేయండి. తీసేసిన పాత పికప్‌లు ఇంట్లో ఉంటే వెతికి గిటార్‌తోపాటే ఇవ్వండి, అసలు కేసు, బిల్లు కూడా. మెరుగ్గా కనిపించాలని కొత్త రంగు మాత్రం వేయించకండి, అది పాత గిటార్ విలువను బాగా పడగొడుతుంది. గిటార్ లోపలి పాట్ల (శబ్దాన్ని, టోన్‌ను తగ్గించి పెంచే నాబ్‌ల కింది భాగాలు) మీద ఉండే అంకెలను బట్టి సాధారణంగా అవి తయారైన ఏడాది, వారం తెలుస్తాయి. వాటిని ఫొటో తీసి చూపితే బేరంలో నమ్మకం కుదురుతుంది. మార్చిన భాగాల గురించి ముందే చెప్పండి. పెడళ్లను విడివిడిగా అమ్మండి. ఇలాంటివే ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయో చూసి ధర పెట్టండి, అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలను నమ్మకండి.

డబ్బు చేతికి వచ్చిన రోజే వేరే పొదుపు ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు కార్డు తీసుకోకండి. ఈ సొమ్ము పన్నెండు నెలలకు చాలకపోతే, కచేరీ పారితోషికం అందిన ప్రతిసారీ అందులో ఐదో వంతు ముందుగా అక్కడికే పంపండి.