తాబేలు మేసే లాన్‌లో బూజు పడితే మందు కొట్టొచ్చా?

మీ సుల్కాటా (గడ్డి మేసే ఆఫ్రికా నేల తాబేలు) రోజంతా లాన్‌లోనే మేస్తుందనీ, గడ్డిలో గుండ్రటి ఎండు మచ్చలు వచ్చాయనీ రాశారు. మందు కొడితే ఎన్ని రోజులు దాన్ని ఆపాలి అన్నది మీ ప్రశ్న. అది తినే గడ్డి మీద అసలు మందే కొట్టొద్దండి.

మాది అనంతపురం. రెండేళ్ళ కిందట సెప్టెంబరు వానలకు మా లాన్‌లోనూ ఇదే వచ్చింది. పొద్దున తడి ఆరకముందు చూస్తే గడ్డి మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. ఎండెక్కితే మాయం. మందుల అంగడిలో అడిగితే వేరుశనగలో తిక్కా (ఆకుమచ్చ) తెగులుకు కొట్టే కార్బెండజిమ్, మాంకోజెబ్ అనే రెండు బూజుమందులు కలిపిన పొడి ఇచ్చారు. కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని ప్యాకెట్ మీద ఉండే లెక్క పంట కోసం వేసింది, రోజూ ఆ గడ్డితోనే కడుపు నింపుకునే తాబేలు కోసం కాదు. పైగా కార్బెండజిమ్ ఆకు లోపలికి దిగే మందు, కడిగినా పోదు. ప్యాకెట్ విప్పకుండానే తిరిగి ఇచ్చేశాను.

అసలు తప్పు మేము నీళ్ళు పెట్టే వేళలో ఉంది. సాయంత్రం పైపు పెడితే గడ్డి రాత్రంతా తడిగానే ఉండేది. తెల్లవారుజామున, వారానికి రెండుసార్లు, వేర్లకు అందేలా పెట్టడం మొదలుపెట్టాం. యూరియా ఆపేశాం. అడుగున పేరుకున్న చచ్చిన గడ్డిని రేక్‌తో గీకి బయట పారేసి, గట్టిపడిన నేలను చువ్వతో గుచ్చాం. మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజును కలిపి కూడా చల్లాను కానీ, అది ముఖ్యంగా నేలలోని తెగులు బూజుకు పనిచేసేది. తగ్గింది దానివల్లేనని మీకు చెప్పలేను.

ఈలోగా తాబేలును పెరట్లో ఉంచాం. చుట్టూ ఇటుకలే పేర్చండి. వలకంచె అయితే అవతల కనబడుతుంది కాబట్టి తోస్తూనే ఉంటుంది. గరిక, మందారాకు, ముళ్ళు తీసిన నాగజెముడు పెట్టాం. విరిస్తే పాలు కారే జెముడు మాత్రం పెట్టకండి. పొలం గట్ల మీది గరిక తెచ్చేటట్టయితే అక్కడ గడ్డిమందు కొట్టారేమో రైతును అడిగి కోయండి.

వానలకు పుట్టగొడుగులు లేస్తే పొద్దున్నే చేత్తో పీకేయండి. వాటితో గడ్డికి నష్టం లేదు, తాబేలు తింటుందనే భయం.

ఇప్పటికే మందు కొట్టి ఉంటే ఆ గడ్డి మీదికి దాన్ని వదలొద్దు. మేత మానేసినా, నోట్లోంచి జొల్లు కారినా, కాళ్ళు ఈడుస్తున్నా ఆ మందు ప్యాకెట్ చేతబట్టుకుని వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది.

మా గడ్డి దీపావళికల్లా చిగురు పట్టింది. మొదటి వారం రోజుకు గంటసేపే వదిలి, పక్కనే కూర్చుని చూసుకున్నాం.