అల్లూరు సెంటర్లో ఒక మధ్యాహ్నం నేనే డాన్‌ని

ప్రశ్న: 1978లో అమితాబ్ బచ్చన్‌తో వచ్చిన హిందీ ‘డాన్’ ఇప్పుడు చూసినా బాగుంటుందా? ఒకే పోలికతో ఇద్దరుండటం, ఒకరనుకుని ఇంకొకరిని పట్టుకోవటం, పగలు, ఇవన్నీ నమ్మేట్టు ఉన్నాయా?

బాగుంటుంది. నమ్మేట్టు ఉందా అని మాత్రం నన్నడక్కూడదు, నేను పక్షపాతిని. 1995లో ఒక పూటంతా నేను ఇంకొకడిని. ఆ సంగతికి వస్తా, ముందు సినిమా. కథ మొత్తం చెప్పేస్తున్నా, యాభై ఏళ్లకు దగ్గరపడ్డ సినిమాకి సస్పెన్సు దాచటం నా వల్ల కాదు.

నేను దాన్ని చూసింది హాల్లో కాదు. కావలి పక్కన మా ఊళ్లో ఎనభైల్లో కుర్రాళ్లు చందాలేసుకుని వీసీఆరు, కలర్ టీవీ అద్దెకు తెచ్చి బడి గోడ పక్కన పెట్టేవాళ్లు. రాత్రికి మూడు క్యాసెట్లు. మొదటిది రామారావుది, రెండోది చిరంజీవిది, తెల్లారుజామున హిందీది. అప్పటికి పెద్దోళ్లంతా చాపల మీద గురకపెడుతుంటారు కాబట్టి ఏం వేసినా అడిగేవాడుండడు. ఊళ్లో హిందీ వచ్చింది మా వీధి చివర టైలరు భాయ్ ఒక్కడికే. ఆయన టీవీ పక్కన పీటేసుకుని కూర్చుని మాకు తెలుగులో చెప్పేవాడు. తెరమీద జరిగేదానికీ ఆయన చెప్పేదానికీ అన్నిసార్లూ పొత్తు కుదిరేది కాదు. “పదకొండు దేశాల పోలీసులు ఎతకతా ఉండారంట ఈయన్ని. బిట్రగుంట స్టేషన్లో ఎవురన్నా చూసుంటే చెప్పండ్రా” అనేవాడు.

మా నాయన గురక ఆపి ఒక కన్ను తెరిచి చూసి, “ఇది మన ‘యుగంధర్’ గదరా, రామారావుది కాపీ కొట్టినారు” అని మళ్లీ పడుకున్నాడు. ఆయన 1979లో తెలుగుది చూశాడు, కాబట్టి ఆయన లెక్కలో అదే అసలు. జరిగింది తిరగేసి. సలీం-జావేద్ రాసిన హిందీ కథనే మన కె.ఎస్.ఆర్. దాస్ తెలుగులో తీశాడు. ఆ దాస్‌ది వెంకటగిరి, అంటే అప్పటి మన నెల్లూరు జిల్లానే. అయితే నాయనది పూర్తిగా తప్పని కూడా అనలేను. కారంచేడు నుంచి మద్రాసు వెళ్లిన రామానాయుడు 1964లో ‘రాముడు భీముడు’ అని కవలల కథ తీస్తే, దాన్నే 1967లో దిలీప్‌కుమార్‌తో హిందీలో తీశారు, రెంటికీ దర్శకుడు తాపీ చాణక్యే. మరి హిందీ ‘సీతా ఔర్ గీతా’లో హేమమాలిని వేసిన అక్కచెల్లెళ్ల వేషాలు తెలుగులో ‘గంగ మంగ’కి వచ్చేసరికి వేసింది మన నెల్లూరు వాణిశ్రీ. ఈ పోలికల సరుకు మద్రాసుకీ బొంబాయికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. ఎవడు ఎవడిది కాపీ అనే పంచాయితీ రచ్చబండ దగ్గర తేలేది కాదు.

‘డాన్’ మాత్రం ఆ మిగతావాటి జాతి కాదు. వాటిల్లో కవలలుంటారు, పుట్టగానే విడిపోతారు, ఒకడు మెతక, ఒకడు గట్టి. ఇద్దర్నీ ఒకే ఫ్రేములో చూపించటానికి కెమెరా ముందు సగం మూసి ఒకసారి, ఫిల్ము వెనక్కి తిప్పి రెండో సగం మూసి ఇంకోసారి తీసేవాళ్లు. జనం ఆ గారడీకే చప్పట్లు కొట్టేవాళ్లు. ఇక్కడ అమాయకుడు విజయ్‌కీ ముఠా నాయకుడు డాన్‌కీ చుట్టరికం లేదు, రెండు వేషాలూ అమితాబ్‌వే. ఎందుకు ఒకేలా ఉన్నారో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీనూ లేదు, ఎందుకంటే ఒకడు చచ్చాకే రెండోవాడికి పని పడుతుంది. డీఎస్పీ డిసిల్వా, అంటే ఇఫ్తెకార్, చచ్చిన డాన్‌ని గుట్టుగా పూడ్చిపెట్టి, వీధుల్లో పాడుకుని బతికే విజయ్‌ని ఆ ముఠాలోకి పంపిస్తాడు. ఏమీ గుర్తులేనట్టు నటించమంటాడు. బదులుగా విజయ్ పెంచుతున్న ఇద్దరు పిల్లల చదువు చూసుకుంటానంటాడు.

ఇంతవరకు సరదా కథ. డిసిల్వా కాల్పుల్లో చచ్చిపోతాడు చూడండి, నాకు సినిమా అక్కడ మొదలవుతుంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఇప్పుడు పోలీసులు ‘నువ్వే డాన్‌వి’ అంటారు, ముఠావాళ్లు ‘నువ్వు డాన్‌వి కాదు’ అంటారు. ఒకే మొహానికి రెండు చోట్ల రెండు తీర్పులు, రెంటికీ శిక్ష ఒకటే. టైలరు భాయ్ అక్కడ తెలుగు చెప్పటం ఆపేశాడు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

ఇక నా సంగతి.

1994-95లో నెల్లూరు తీరమంతా టైగరు రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలింది. బకింగ్‌హాం కాలువ పొడుగునా వరి పొలాలు తవ్వి గుంటలు చేసుకున్నవాళ్లు, బంగారం కుదవబెట్టి గుంట నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు కొన్నవాళ్లు వారం పదిరోజుల్లో నేలమట్టమయ్యారు. అప్పుడు పుట్టుకొచ్చారు సీడు, అంటే గుంటలో వదిలే రొయ్యపిల్లలు, అమ్మే బ్రోకర్లు. “రోగం లేని సీడు, మద్రాసు హేచరీది, అడ్వాన్సు ఇయ్యండి” అని ఊరూరా తిరిగి డబ్బు తీసుకుని కొందరు మళ్లీ కనపడలేదు.

నాకప్పుడు ఇరవైనాలుగేళ్లు. పురుగుమందుల కంపెనీలో సేల్సు పని. టక్ చేసిన చొక్కా, సన్న మీసం, నల్ల ఫ్రేము కళ్లద్దాలు, చేతిలో రెగ్జిన్ బ్యాగు. మే నెల మధ్యాహ్నం అల్లూరు సెంటర్లో టీ తాగుతుంటే యాభై ఏళ్లాయన ఒకరు సైకిలు ఆపి నన్ను ఎగాదిగా చూసి భుజం మీద చెయ్యేశాడు.

“ఏమయ్యో, సీడెప్పుడు దించుతావు?”

నేను నవ్వాను. ఎవరో మాటలు కలుపుతున్నారనుకున్నా. ఆ నవ్వే కొంప ముంచింది.

“ముప్పైవేలు మింగి నవ్వుతుండావా?” అని చొక్కా పట్టుకున్నాడు. పది నిమిషాల్లో ముప్పైమంది. నేను కంపెనీ కార్డు తీసి చూపించా. “ఆ రోజూ ఇట్టనే కార్డు చూపించినావు” అన్నాడు. నాది కావలి దగ్గరన్నా. “ఆ రోజూ కావలనే అన్నావు” అన్నాడు. మర్యాదగా మాట్లాడితే వాడూ మర్యాదగా మాట్లాడాడంట. గొంతు పెంచితే, చూశారా తప్పుచేసినోడికెంత రోషమో అంటున్నారు. నేను వాణ్ణి కాదయ్యా అంటే ఆయనొక మాటన్నాడు, ముప్పై ఏళ్లయినా చెవిలో ఉంది:

“నువ్వు కాకపోతే ఆ మొహం నీకెట్టొచ్చింది?”

దీనికి జవాబేంటో మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి. నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆధార్లు లేని రోజులు. ఉన్నా, వాడూ ఒకటి చూపించి ఉండేవాడు.

కొట్టలేదు, అది చెప్పాలి. ఒకడు చెయ్యెత్తితే ఆయనే ఆపాడు. “కొడితే పారిపోతాడు, నా డబ్బు కావాల” అన్నాడు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, అటూ ఇటూ ఇద్దరు కుర్రాళ్లను తోడు పెట్టి, వాళ్లింటికి తీసుకెళ్లాడు. వాకిట్లో ఎండిపోయిన ఏరేటరు, పక్కన ఖాళీ మేత సంచులు మడతలుపెట్టి ఉన్నాయి.

ఆయన భార్య గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నేను గేటు నుంచి నాలుగడుగులు వేశానో లేదో, తలెత్తి చూసి “ఈ అబ్బాయి కాదు” అంది.

“మొగం చూడకుండానే ఎట్ట చెప్తావే?”

“మొగం చూసే గదా నువ్వు ముప్పైవేలిచ్చింది.”

వాడికి రెండుసార్లు అన్నం పెట్టిందంట ఆవిడ. వాడి నడక వేరంది, కూర్చునే తీరు వేరంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం వినలేదు. “నీకేం తెలుసు” అని ఆవిడ మీద అరిచాడు. అప్పుడర్థమైంది నాకు, ఆయనకి నేను వాణ్ణి కాకపోవటం ఇష్టం లేదు. నేను కాకపోతే ఆ ముప్పైవేలు ఎప్పటికీ రావు, తిట్టటానికి కూడా ఎదురుగా మనిషుండడు. ఆరు నెలలుగా చూడని మొహం కోసం కాచుకునున్నాడు, దానికి దగ్గరగా ఉన్నది ఒకటి దొరికింది.

‘డాన్’లో జీనత్ అమన్ వేసిన రోమా కూడా అంతే. అన్నని చంపిన డాన్ కోసం కరాటే, జూడో నేర్చుకుని ముఠాలో చేరుతుంది. చివరికి గురి పెట్టేది విజయ్‌కి. చంపాల్సినవాడు ఎప్పుడో మట్టిలో ఉన్నాడు. ప్రాణ్ వేసిన జేజే ఆ ఇద్దరు పిల్లల అసలు తండ్రి; ఆయనకి డిసిల్వా మీద పగ, ఆ డిసిల్వా మాటమీదనే తన పిల్లల్ని పెంచుతున్నవాడు ఇరుక్కున్నాడని తెలీదు. అందరి పగా నిజమే, ఒక్కరిదీ సరైన మనిషి మీద లేదు. మారువేషాల మీద చాలా సినిమాలొచ్చాయి గానీ, పగకి చూపు ఆనదని ఇంత శుభ్రంగా చూపించింది నేనింకోటి చూడలేదు.

ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి కావలిలో మాకు తెలిసిన కొట్టుకి ఫోన్ చేయనిచ్చారు. మూడు గంటలకి నాయన ఎవరిదో స్కూటరు వెనక ఎక్కి వచ్చాడు. వచ్చాడు కదా, ఇక అయిపోయింది, నా డిసిల్వా బతికే ఉన్నాడనుకున్నా. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, అందరికీ దణ్ణం పెట్టి, నన్ను గొడ్లచావిడి పక్కకి లాక్కెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎంత తీసుకున్నావురా?”

అల్లూరు సెంటర్లో ముప్పైమంది మధ్య పడని భయం అప్పుడు పడింది.

తర్వాతదంతా మామూలే. నాయనకి తెలిసిన మాజీ కరణం ఒకాయన ఆ ఊళ్లో ఉన్నాడు, ఆయన వచ్చి నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు, అడ్వాన్సు ఇచ్చిన రోజున నేను ఒంగోల్లో మీటింగులో ఉన్నట్టు నా డైరీలో రాసుంది. సినిమాలో ముఠా గుట్టంతా రాసున్న ఎర్ర డైరీకి ఎంత విలువుందో నా నీలం డైరీకీ అంతే వచ్చింది ఆ రోజు. రైతు తప్పయిందని అనలేదు. కాసేపు నేల చూసి “భోంచేసి పోండి” అన్నాడు. రొయ్యల రైతు ఇంట్లో గోంగూర పచ్చడీ మజ్జిగా. తిన్నాం.

ప్రశ్నలో లేదు గానీ షారుఖ్ ఖాన్‌తో 2006లో వచ్చిన కొత్త ‘డాన్’ గురించి ఒక మాట. చివర్లో అసలు వీడు విజయ్ కాడు, మొదట్నుంచీ డానే అని తిప్పుతారు. తెలివైన మలుపే, హాల్లో ఈలలు కూడా పడ్డాయి. నాకు మాత్రం చల్లారిపోయింది. ఏ తప్పూ చెయ్యనివాడు ‘నేను నేనే’ అని రుజువు చేసుకోలేక తిరగటమే ఈ కథకి ఊపిరి. వాడు నిజంగా దొంగే అయితే ఇక భయమెక్కడిది?

పాతది చూసేవాళ్లకి ఇంకొకటి. బనారస్ పాన్ పాట మొదట సినిమాలో లేదు, రెండో సగం మరీ బిగుసుకుపోయిందని మనోజ్‌కుమార్ సలహా ఇస్తే తర్వాత చేర్చారు. తీరా అదే కిశోర్‌కుమార్‌కి ఫిల్మ్‌ఫేర్ తెచ్చింది. అప్పులు తీర్చుకోవటానికని ఈ సినిమా మొదలుపెట్టిన కెమెరామన్ నిర్మాత నారిమన్ ఇరానీ, విడుదల చూడకుండానే ప్రమాదంలో పోయాడు. ఆ సంగతి తెలిశాక టైటిల్సులో ఆయన పేరు దగ్గర నేనెప్పుడూ మాట్లాడను.

రెండేళ్ల తర్వాత ఆ రైతు ఏదో పెళ్లికి కావలి వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జేబులోంచి ఫోటో తీశాడు. గుంట పూజ రోజు తీసింది, కొబ్బరికాయ పట్టుకుని ఆయన, చుట్టూ ఆరేడుగురు. “ఇదిగో, వాడు దీంట్లో ఉండాడు. చూడు, అచ్చం నువ్వే. అప్పుడు నా తప్పేముండాది చెప్పు” అన్నాడు.

నేను ఫోటో వెలుగులోకి తీసుకెళ్లి చూశా. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. అందులో నాలాంటివాడు నాకొక్కడూ కనపడలేదు. ఎవరని అడుగుదామంటే ఆయన మొహం చూసి అడగలేకపోయా.

నాయన వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో అందుకున్నాడు. ఒక్క క్షణం కూడా పట్టలేదు, చివరనున్నవాడి మీద వేలు పెట్టాడు.

“ఆఁ, వీడేగా” అన్నాడు.