కారు హెడర్ల బిగింపు ఖర్చుకు మూడు లక్షల నోటు రాయవచ్చా?

పాలకొల్లు సమీపం నుంచి ఒక రొయ్యల రైతు పంపిన ప్రశ్న ఇది. ఆయన వయసు 33 సంవత్సరాలు. ఎనిమిది ఎకరాల చెరువులు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్నారు. రెండు పంటలు వరుసగా కలిసివచ్చినప్పుడు ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నారు. దాని మీద నెలకు 38,000 రూపాయల వాయిదా ఇంకా మూడేళ్లు కట్టాలి. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులతో కూడిన ఇంటి ఖర్చు నెలకు 45,000. సేవింగ్స్ ఖాతాలో ఉన్నది 60,000. ఆరోగ్య బీమా లేదు. తండ్రిగారికి పదేళ్లుగా షుగరు ఉంది.

ఇప్పుడాయన ఆ కారుకు కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (ఇంజను నుంచి పొగను బయటికి పంపే భాగాలు) తీయించి, వాటి స్థానంలో విదేశం నుంచి తెప్పించే లాంగ్ ట్యూబ్ హెడర్లు, అంటే పొడవాటి పొగ గొట్టాలు, బిగించాలనుకుంటున్నారు. కస్టమ్స్ సుంకంతో కలిపి సామాను 1,75,000. బిగించడానికి హైదరాబాదులోని ఒక గ్యారేజీ 85,000 అడిగింది. భీమవరంలో తెలిసిన మెకానిక్ 25,000కు చేస్తానన్నాడు. "సామాను ఖరీదులో సగం లేబరుకే అడగడం అన్యాయం కాదా? భీమవరంలో చేయిస్తే 60,000 మిగులుతుంది కదా? మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి నోటు మీద తెచ్చుకోవాలా, ఇంట్లో బంగారం పెట్టాలా? సంక్రాంతి లోపల పని పూర్తి కావాలి" అని అడిగారు. హైదరాబాదు గ్యారేజీకి 20,000 అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చేశారట.

స్పోర్ట్స్ కార్ల ప్రశ్నలు నాకు తరచుగా రావు. దీనికి సమాధానం రాయడానికి కారణం కారు కాదు. ఇల్లు కట్టుకునేవారిలోనూ, పెళ్లి చేసేవారిలోనూ, చెరువు తవ్వించేవారిలోనూ నేను పదే పదే చూస్తున్న పొరపాటే ఈ ఉత్తరంలోనూ ఉంది. మొదట చెప్పిన అంచనానే చివరి బిల్లు అనుకుని, దాదాపు ఆ అంకెకు సరిపడా అప్పు తెచ్చుకుని, చేతిలో తగినంత అదనం పెట్టుకోకుండా పనిలోకి దిగడమే ఆ పొరపాటు. హెడర్ల బిగింపు అనేది అంచనా దాటిపోవడానికి ఎన్ని దారులున్నాయో చూపించే పని కనుక, ముందుగా లేబరు సంగతే మాట్లాడుకుందాం.

సామాను ఖరీదులో లేబరు ఎంత శాతం అని చూడటం ఈ పనికి సరిపడే లెక్క కాదు. లేబరు అంటే పట్టే గంటలు, గంటకు ఆ గ్యారేజీ తీసుకునే రేటు, ఈ రెండే. సామాను చౌకదైనా ఖరీదైనదైనా విప్పవలసిన బోల్టులు అవే. మీ కారులో ఉన్నది అయిదు లీటర్ల వీ8 ఇంజను. రెండు వైపులా నాలుగేసి సిలిండర్లు, వైపుకొక హెడర్. కారును ర్యాంపు మీదికి ఎత్తి, బ్యాటరీ తీగ విప్పి, అడుగు రేకులు, ఆక్సిజన్ సెన్సర్లు, మధ్య గొట్టం తీసిన తరువాత గాని మానిఫోల్డు దగ్గరికి చెయ్యి చేరదు. పొడవాటి హెడర్ గొట్టాలు పైకి ఎక్కాలంటే చాలాసార్లు స్టీరింగు షాఫ్టును విడదీయాలి, ఒక్కోసారి ఇంజను మౌంటింగులు సడలించి ఇంజనును కాస్త పైకి లేపాలి. చేయి తిరిగిన మనిషికి కూడా ఇది ఒకటి నుంచి రెండు రోజుల పని. అమెరికాలో గ్యారేజీలు గంటకు 100 నుంచి 200 డాలర్ల దాకా తీసుకుంటాయి కాబట్టి అక్కడివారు చెప్పే మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి పోల్చుకోవద్దు. అక్కడి నుంచి మనం తీసుకోదగినది గంటల లెక్క ఒక్కటే.

అమెరికా కారుకూ మీ కారుకూ ఇంకొక తేడా ఉంది. ఇక్కడ అమ్మిన మస్టాంగ్‌లకు స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఎడమవైపు స్టీరింగు కారును దృష్టిలో పెట్టుకుని వంచిన హెడర్ గొట్టం మీ కారులో స్టీరింగు షాఫ్టుకు తగలవచ్చు. మీరు తెప్పించే కిట్టు కుడివైపు స్టీరింగు కారుకు చేసినదేనని అమ్మేవారి చేత రాయించుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. తగిలితే గ్యారేజీలోనే గొట్టాన్ని కోసి, తిప్పి, మళ్లీ వెల్డింగు చేయాలి. ఆ ఖర్చు 85,000లోనూ లేదు, 25,000లోనూ లేదు.

అన్నింటికన్నా అసలు భయం స్టడ్డులతో. మానిఫోల్డును ఇంజను హెడ్డుకు పట్టి ఉంచే ఈ స్టడ్డులు ఏళ్ల తరబడి ఎర్రగా కాగి చల్లారి ఉంటాయి. పైగా మీ కారు నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలోనూ ఉప్పునీటి చెరువుల గట్ల మీదా తిరిగిన కారు. పానా వేసి తిప్పగానే నట్టుతోపాటు స్టడ్డు కూడా అల్యూమినియం హెడ్డు అంచుకు సమంగా తెగిపోవచ్చు. అప్పుడు మెకానిక్ ఆ మిగిలిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి ముక్కకు వెల్డింగు చేసి, వేడి ఆరకముందే మెల్లగా తిప్పి బయటికి లాగే ప్రయత్నం చేస్తాడు. అది రాకపోతే డ్రిల్లు పెట్టాలి. డ్రిల్లు పక్కకు జారి అల్యూమినియంలోకి దిగిందంటే మర చెడిపోతుంది. అది బాగుచేయడానికి కొన్నిసార్లు హెడ్డు మొత్తం విప్పవలసి వస్తుంది. ఎనిమిది గంటల పని ఎనిమిది రోజులకు పాకేది ఇక్కడే, ఇది ఎవరి తప్పూ కాకుండానే జరుగుతుంది.

కాబట్టి 85,000 అన్యాయమని నేను అనను, 25,000 చౌక అని కూడా అనను. ఆ రెండు అంకెల్లో ఏమేమి కలిసి ఉన్నాయో మీకు తెలియదు. తెగిన స్టడ్డుకు ఎవరు చెల్లిస్తారు, హెడర్ పొడవు పెరిగినందువల్ల సెన్సరు తీగలు పొడిగించే పని ఇందులో ఉందా, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత బోల్టులు మళ్లీ బిగించడం ఉచితమా, గ్యాస్కెట్టు దగ్గర గాలి కారి టిక్కుటిక్కుమంటే మళ్లీ విప్పడానికి లేబరు తీసుకుంటారా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. జీఎస్టీ సంగతి కూడా అడగండి. 18 శాతం విడిగా అయితే 85,000 కాస్తా 1,00,300 అవుతుంది. బిగింపు తరువాత ఇంజను కంప్యూటరుకు ట్యూనింగు చేయించకపోతే చెక్ ఇంజన్ దీపం వెలుగుతూనే ఉండవచ్చు, మీరు కోరుకున్న బలమూ పూర్తిగా రాకపోవచ్చు. ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. భీమవరం మెకానిక్ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు, కాని ట్యూనింగుకు ఎలాగూ హైదరాబాదు వెళ్లవలసి వచ్చినప్పుడు మీరు అనుకున్న 60,000 మిగులు మిగలదు.

చట్టం విషయం క్లుప్తంగా చెబుతాను. లాంగ్ ట్యూబ్ హెడర్లు పెడితే కంపెనీ అమర్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లు (పొగలోని హానికర వాయువులను తగ్గించే పరికరాలు) వాటి స్థానంలో ఉండవు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలను మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 వరకు జరిమానా పడవచ్చు, డ్రైవింగు లైసెన్సు మూడు నెలలు చెల్లకుండా పోవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేయించి, పొడిగించిన సెన్సరు తీగ వేడి గొట్టానికి తగిలి ఇంజను గది కాలిందనుకోండి, సర్వేయరు రాసే నివేదికతో మీ క్లెయిము నిలవడం కష్టం. ఆ కారు మీద ఇంకా మూడేళ్ల వాయిదాలున్నాయని మరువవద్దు. కంపెనీ కన్వర్టర్లను కదిలించని షార్టీ (పొట్టి గొట్టాల) హెడర్లు ఒక మార్గమే గాని, వాటితో పెరిగే బలం స్వల్పం, లేబరు మాత్రం దాదాపు అంతే.

ఇక డబ్బు. రెండు రూపాయల వడ్డీ అనే మాట మన వైపు ఎంత అలవాటైపోయిందంటే, అది సంవత్సరానికి 24 శాతమని ఎవరూ పైకి అనుకోరు. మూడు లక్షల మీద నెలకు 6,000. లేబరులో మీరు మిగిల్చాలని చూస్తున్న 60,000 పది నెలల్లో వడ్డీకే పోతుంది. పట్టుబడి (చెరువులోని రొయ్యలు పట్టి అమ్మడం) రాగానే తీర్చేస్తానని రాశారు. ప్రతి నోటూ ఆ మాటతోనే మొదలవుతుంది. పంట దెబ్బతింటే వడ్డీ కూడా నిలిచిపోతుంది, మూడేళ్ల కాలదోషం పట్టకముందే, అంటే కోర్టులో వసూలు చేసుకునే గడువు తీరకముందే, నోటు తిరగరాస్తారు, అప్పటికి పేరుకున్న 2,16,000 వడ్డీని అసలులో కలిపి 5,16,000కు కొత్త నోటు మీ ముందు పెడతారు. కారు శబ్దం కోసం ఇటువంటి కాగితం మీద సంతకం పెట్టడానికి నేను ఏ పరిస్థితిలోనూ సలహా ఇవ్వను. బంగారం మీద బ్యాంకు రుణానికి వడ్డీ ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు, అయినా అదీ వద్దు. ఎందుకంటే మీ ఇంట్లో ప్రస్తుతం అత్యవసర నిధి అని చెప్పదగినది ఆ బంగారం ఒక్కటే.

లెక్క చూడండి. ఇంటి ఖర్చు 45,000, వాయిదా 38,000, కలిపి నెలకు 83,000. మీ ఖాతాలోని 60,000 మూడు వారాలకు సరిపోతుంది. నెల జీతగాడికి ఆరు నెలల ఖర్చు నిల్వ ఉంచుకోమని చెబుతాను, రొయ్యల రైతుకు అది చాలదు. వనామీ పైరుకు సుమారు 100 నుంచి 120 రోజులు పడుతుంది. అరవయ్యో రోజున తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు పోయిందంటే, ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, మళ్లీ సీడు (రొయ్య పిల్లలు) వేసి, అది పట్టుబడికి వచ్చి, కొనుగోలుదారు డబ్బు చేతికి ఇచ్చేసరికి, క్రితం పంట సొమ్ము వచ్చిన నాటి నుంచి ఎనిమిది తొమ్మిది నెలలు గడిచిపోతాయి. తొమ్మిది నెలలకు మీ ఇంటికి కావలసింది 7,47,000. సీడుకూ మేతకూ కరెంటుకూ కావలసిన సాగు పెట్టుబడి ఇందులో లేదు, అది వేరుగా ఉండాలి. రోగం రాకపోయినా ధర పడిపోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, చెరువులో రొయ్య ఆరోగ్యంగా ఉండి కూడా గోదావరి జిల్లాల రైతులు ఎలా చిక్కుకుపోయారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో చేతిలో నిల్వ ఉన్న రైతు రొయ్య సైజు పెరిగేదాకా, ధర కుదుటపడేదాకా కొంతైనా ఆగగలిగాడు. మేత డీలరుకూ నోటు రాసినవారికీ ఒకేసారి సమాధానం చెప్పుకోవలసిన రైతు, కొనుగోలుదారు అడిగిన ధరకే పట్టించేశాడు. అత్యవసర నిధి వల్ల మీకు వచ్చే ఆదాయం అదే, డిపాజిట్ వడ్డీ శాతాలతో దాన్ని కొలవకండి.

రాబోయే పట్టుబడి నుంచి, వచ్చిన సొమ్ములో సాగు పెట్టుబడి పక్కన పెట్టగానే, మిగిలినదానిలో కనీసం సగం ఈ నిధికి వెళ్లాలి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లోనూ, మిగతాది వెంటనే తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనూ ఉంచండి. ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి అయిదు లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది కనుక రెండు బ్యాంకులకు విభజించండి. ఎక్కువ వడ్డీ ఇస్తుందని ఊళ్లోని పరపతి సంఘంలో వేయకండి, ఆ బీమా అటువంటి ప్రాథమిక సహకార సంఘాలకు వర్తించదు. చీటీ పాటను కూడా అత్యవసర నిధిగా లెక్కవేయవద్దు.

ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. మీ నలుగురికి ఒకటి, అమ్మానాన్నలకు వేరుగా ఒకటి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. నాన్నగారి షుగరును దాచకుండా ప్రపోజల్ ఫారంలో రాయండి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వేచి ఉండవలసి రావచ్చు, ఆ మూడేళ్లలో షుగరుతో ముడిపడిన ఆసుపత్రి ఖర్చు మీ నిధి నుంచే పోవాలి. 7,47,000 ఎక్కువగా అనిపిస్తే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే అదీ తీసుకోండి.

కారు అమ్మేయమని నేను చెప్పడం లేదు. కష్టపడి కొనుక్కున్నారు, నడుపుకోండి. అయితే ఇంటిల్లిపాది ఖర్చుకు దాదాపు సమానమైన వాయిదా కారుకు కడుతున్నారని మీ భార్యతో కూర్చుని ఒకసారి కాగితం మీద చూసుకోండి. నిధి నిండి, పాలసీలు చేతికి వచ్చి, ఆ పైన మిగులు ఉన్న సంవత్సరంలో, రవాణా శాఖ నిబంధనలకు లోబడే మార్పు ఏదైనా సొంత డబ్బుతో చేయించుకోండి. అప్పుడు కూడా గ్యారేజీ చెప్పిన అంచనాకు మరో సగం చేతిలో ఉంచుకోండి. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర మీ కారును చూసేవారెవరూ బానెట్టు ఎత్తి హెడర్లు లెక్కపెట్టరు.

గ్యారేజీకి ఇచ్చిన 20,000 సంగతి మిగిలింది. సామాను ఇంకా ఆర్డరు చేయలేదని మీరే రాశారు కనుక, ఈరోజే రాతపూర్వకంగా పని రద్దు చేసుకుని అడ్వాన్సు వెనక్కి అడగండి. కొంత పట్టుకుంటామంటే ఆ కొంత వదిలేయండి. మొత్తమూ తిరిగి ఇవ్వబోమని అన్నా సరే, దాన్ని రాబట్టుకోవడానికని పని మొదలుపెట్టించకండి.